నేల మీద నేర్చే ఆకాశవిద్య

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో విద్యార్థుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 

పాఠశాల చరిత్రను, గతించిన గురువుల సేవలను స్మరించే ప్రసంగాలు ఈ ఉత్సవాలలో అనేకం ఉన్నవి. ఈ ప్రసంగానికి ఎన్నుకొన్న విషయం మరొకటి. నేల మీద కూర్చొని విమానం నడపడం నేర్చుకొనే విద్యను గురించి ఇక్కడ నాలుగు మాటలు చెప్పవలసి ఉన్నది. దీనికి సాధనమైన యంత్రాన్ని ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. విమాన గమనాన్ని అనుకరించి చూపే యంత్రమని దాని అర్థం. ఒకప్పుడు సైనిక శిక్షణాలయాలకే పరిమితమైన ఈ సాధనం నేడు ఇంటిలోని కంప్యూటరులో ఇమిడిపోయింది. పిల్లలు దీనిని ఆటగా ఆడుతున్నారు, పెద్దలు ఆటగానే చూస్తున్నారు. ఇది కేవలం ఆటయేనా? ఇందులో నిజమైన విద్య ఉన్నదా? ఉంటే ఎంతవరకు ఉన్నది? తెలుగు మాధ్యమంలో చదివే బిడ్డకు అది అందుతుందా? ఈ ప్రశ్నలకు సమాధానం వెదకడమే ఈ ప్రసంగ ప్రయోజనం.

ముందుగా కొంత చరిత్ర. 1929వ సంవత్సరం ఈ కథలో రెండు విధాల గుర్తుంచుకోదగినది. ఆ సంవత్సరం ఫిబ్రవరి 10వ తేదీన జె.ఆర్.డి. టాటా మన దేశంలో జారీ అయిన మొదటి పైలట్ లైసెన్సును అందుకొన్నారు. అదే సంవత్సరంలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం, బింగ్‌హామ్‌టన్ పట్టణంలో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తన శిక్షణ యంత్రాన్ని పూర్తి చేశాడు. లింక్ తండ్రిది పియానోలు, ఆర్గన్‌లు తయారుచేసే కర్మాగారం. లింక్ 1920లో యాభై డాలర్లు చెల్లించి మొదటిసారి విమాన పాఠానికి వెళ్లాడు. గురువు ఆకాశంలో గిరికీలు కొట్టించి, గింగిరాలు తిప్పి కిందికి దింపాడు. శిష్యుని చేయి ఒక్క మీటనైనా తాకలేదు. విద్య నేర్పే పద్ధతి ఇది కాదని ఆ కుర్రవానికి ఆనాడే తోచింది.

ఆర్గన్ వాద్యం గాలితో పలుకుతుంది. పద్యనాటకాలకు శ్రుతి పట్టే హార్మోనియం చూచినవారికి దాని లోపలి తిత్తి తెలిసినదే. గాలి నింపితే తిత్తి పొంగుతుంది, తీస్తే కుదించుకొంటుంది. తండ్రి కర్మాగారంలో చేతికందిన ఆ తిత్తులనే లింక్ వాడుకొన్నాడు. కొయ్యతో ఒక చిన్న విమానపు బొమ్మను చేసి, దానిని తిత్తుల మీద నిలిపాడు. లోపల కూర్చొన్న శిక్షార్థి మీటను వెనుకకు లాగితే గాలి తిత్తులలోకి పోయి ముక్కు పైకి లేస్తుంది. పక్కకు వంచితే బొమ్మ పక్కకు ఒరుగుతుంది. విమానం నేల విడువకుండానే విమానం చేసే పనులన్నీ చేసింది. అయితే లోకం దానిని తొలుత ఆటవస్తువుగానే భావించింది. నాణెం వేసి ఎక్కే వినోద యంత్రంగా అది తిరునాళ్ల వంటి సంబరాల స్థలాలకు చేరింది. నేటి తల్లిదండ్రులు కంప్యూటరు ముందు కూర్చొన్న పిల్లవానిని చూచి అనే మాటే ఆనాడూ వినబడింది.

ఆ అభిప్రాయాన్ని మార్చినది ఒక విషాదం. 1934 ఫిబ్రవరిలో అమెరికా ప్రభుత్వం విమాన తపాలా పనిని ప్రైవేటు సంస్థల నుండి తొలగించి సైన్యానికి అప్పగించింది. అది చలికాలం. మంచు, పొగమంచు, చీకటి. కంటికి నేల కనిపించినంత వరకే విమానం నడపగల సైనికులు కొద్ది వారాలలోనే పదిమందికి పైగా మరణించారు. ఆ రోజులలో సైనికాధికారులతో సమావేశానికి లింక్ స్వయంగా విమానం నడుపుకొంటూ, తక్కినవారు ఎగరడానికి వీలులేదని తలచిన పొగమంచులో నూఆర్క్ చేరి క్షేమంగా దిగాడు. వివరణకు అంతకంటె మించిన ప్రమాణం అవసరం లేకపోయింది. సైన్యం ఒక్కొక్కటి 3,500 డాలర్ల చొప్పున ఆరు యంత్రాలు కొన్నది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి ఇటువంటి యంత్రాలు దాదాపు పదివేలు తయారైనవి. వాటిపై శిక్షణ పొందినవారి సంఖ్య అయిదు లక్షలు దాటింది.

ఆ యంత్రంలో బోధన జరిగిన తీరు ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించేది. శిక్షార్థి లోపల కూర్చొనగానే పై మూత వేసేవారు. బయటి లోకం కనబడదు. ఎదుట పరికరాలు మాత్రమే ఉంటాయి. గురువు బయట బల్ల ముందు కూర్చొని చెవిలో పలికే ఫోనులో సూచనలిస్తాడు. బల్లపై పరచిన పటం మీద మూడు చక్రాల చిన్న సాధనం ఒకటి పీత వలె పాకుతూ శిష్యుడు 'ఎగిరిన' దారిని సిరాతో గీస్తూ పోతుంది. పాఠం ముగిసిన తరువాత మూత తెరచి, ఆ గీతను ముందుంచుకొని గురుశిష్యులు తప్పొప్పులు విచారించేవారు. గీతకు పక్షపాతం లేదు. అది మందలించదు, మెచ్చుకొనదు. జరిగినది జరిగినట్లు చూపుతుంది.

మూత వేయడంలోని అంతరార్థం తెలుసుకోవాలంటే చెవిని గురించి కొంత తెలుసుకోవాలి. జీవశాస్త్ర పాఠంలో లోపలి చెవిలోని అర్ధవర్తుల కుల్యలను గురించి విద్యార్థులు చదివి ఉంటారు. వాటిలోని ద్రవం కదలినప్పుడు శరీరం తిరుగుతున్నదని మెదడుకు తెలుస్తుంది. ఆడపిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరిగి ఒక్కసారిగా ఆగినప్పుడు లోకం ఎదురు దిక్కున తిరిగినట్లు తోస్తుంది. కాళ్లు ఆగినా కుల్యలలోని ద్రవం ఆగకపోవడమే అందుకు కారణం. విమానంలో ఇదే చిక్కు ప్రాణాంతకమవుతుంది. విమానం మెల్లగా, ఒకే వేగంతో మలుపు తిరుగుతూ ఉంటే కొద్దిసేపటికి ఆ ద్రవం కూడా శరీరంతో సమంగా తిరగసాగుతుంది. తిరుగుతున్న భావన అంతరిస్తుంది. విమానం తిన్నగా పోతున్నదని శరీరం చెబుతుంది. రెక్కలను సరిచేస్తే ఎదురు దిక్కుకు తిరుగుతున్నట్లు తోచి, పైలట్ మళ్లీ పాత మలుపులోకే విమానాన్ని వంచుతాడు. ముక్కు వాలుతుంది, ఎత్తు తగ్గుతుంది. ఎత్తు కోసం మీటను లాగితే మలుపు మరింత బిగుస్తుంది. మేఘంలోనో చీకటిలోనో కంటికి దిగంతం కనబడనప్పుడు ఈ సుడి నుండి బయటపడేందుకు పరికరాలను నమ్మడం ఒక్కటే మార్గం.

ఇది ఊహ కాదు. 1954లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పరికరాల సహాయంతో విమానం నడపడం అభ్యసించని ఇరవైమందిని పరీక్షించారు. బయటి దృశ్యం కనబడకుండా చేసి, విమానాన్ని వారి చేతికిచ్చారు. ఇరవైమందీ అదుపు తప్పారు. అందుకు పట్టిన సగటు కాలం 178 సెకండ్లు. మూడు నిమిషాలైనా కాదు. తెలివిగలవారు, ధైర్యవంతులు, ఆరోగ్యవంతులు అందరికీ అదే గతి. 1999 జూలై 16వ తేదీ రాత్రి అమెరికా మాజీ అధ్యక్షుడు కెనెడీ కుమారుడు ఒక చిన్న పిస్టన్ ఇంజను విమానాన్ని సముద్రం మీదుగా నడుపుతూ, భార్యతోను ఆమె సోదరితోను సహా మరణించాడు. చీకటిలో నీటిపై దిగుతుండగా దిక్కు, నిలువు తెలియని భ్రాంతి కలిగి అదుపు తప్పినదని దర్యాప్తు సంఘం నిర్ధారించింది. 'నాకు అట్లా అనిపించింది' అన్న మాట విద్యలో ఎప్పుడు పనికిరాదో ఇంతకంటె స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

అదే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో బ్రూస్ ఆర్ట్‌విక్ అనే విద్యార్థి 1975లో విమాన గమనాన్ని కంప్యూటరు తెరపై చూపే విధానాన్ని తన సిద్ధాంత వ్యాసానికి విషయంగా తీసుకొన్నాడు. కొన్నేళ్లకు ఆ ఆలోచన ఇంటి కంప్యూటరులకు తగిన కార్యక్రమంగా రూపొందింది. 1982లో మైక్రోసాఫ్ట్ సంస్థ దానిని ఫ్లైట్ సిమ్యులేటర్ అనే పేరుతో విడుదల చేసింది. అందులోని విమానం సెస్నా 182. ప్రయాణం మొదలయ్యే చోటు షికాగో నగరంలో సరస్సు ఒడ్డున ఉండిన మెగ్స్ ఫీల్డ్. 2003 మార్చి 30వ తేదీ రాత్రి నగర పాలకుల ఆదేశంపై యంత్రాలు ఆ రన్‌వేను తవ్వివేసినవి. నేడు అక్కడ విమానాశ్రయం లేదు. కాని లక్షలాది మంది మొదటిసారి 'ఎగిరిన' నేల అదే. 2020లో వెలువడిన నూతన రూపంలో ఉపగ్రహ చిత్రాల ఆధారంగా భూగోళమంతా తెరపైకి వచ్చింది. పిల్లవాడు తాను పుట్టిన ఊరి మీదుగా ఎగరవచ్చును.

ఇక అభ్యాస క్రమం. శిక్షణకు లోకమంతటా ఎక్కువగా వాడే సెస్నా 172 అనే నాలుగు సీట్ల విమానాన్ని ఉదాహరణగా తీసుకొందాం. దీని మొదటి నమూనా 1955లో ఎగిరింది. ఇప్పటికి నలభై నాలుగు వేలకు పైగా తయారైనవి. లోకంలో మరే విమానమూ ఇన్ని తయారు కాలేదు. దీనికి ముందు భాగంలో ఒకే ఒక పిస్టన్ ఇంజను. స్కూటరు, మోటారు కారు ఇంజనులలో పెట్రోలు మండి పిస్టనును తోసినట్లే ఇందులోనూ జరుగుతుంది. ఆ బలం ముందున్న పంకాను తిప్పుతుంది.

మొదటి పాఠం ఎగరడం కాదు, పరీక్షించడం. ఇంధనం ఉన్నదా, అందులో నీరు చేరినదా, రెక్కల కీళ్లు కదలుతున్నవా, నూనె తగినంత ఉన్నదా అని జాబితా ప్రకారం ఒక్కొక్కటి చూడాలి. ఇంజనులో ప్రతి సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్గులు, వాటికి మంట పుట్టించే మాగ్నెటోలు రెండు. బ్యాటరీ నిలిచిపోయినా ఇంజను నిలువకుండా చేసిన ఏర్పాటిది. బయలుదేరే ముందు ఒక మాగ్నెటోను ఆపి రెండవదానిని, తరువాత దీనిని ఆపి మొదటిదానిని పరీక్షిస్తారు. తెరపై విమానంలో ఇవన్నీ దాటవేసినా విమానం ఎగురుతుంది. అక్కడే విద్యార్థి శీలం బయటపడుతుంది. ఎవరూ చూడని చోట జాబితాను పూర్తిగా చదివేవాడే ఈ యంత్రం వలన లాభం పొందుతాడు.

రెండవ పాఠం పరుగు. థ్రాటిల్‌ను పూర్తిగా నెట్టగానే విమానం రన్‌వే మధ్యగీతను వదలి ఎడమకు లాగుతుంది. కొత్తవారందరూ యంత్రంలో దోషమున్నదని తలుస్తారు. దోషం లేదు. పైలట్ కూర్చొన్న చోటు నుండి చూస్తే పంకా కుడివైపుగా తిరుగుతుంది. అది వెనుకకు తోసిన గాలి మెలి తిరుగుతూ వచ్చి తోక నిలువు రెక్కను ఒక పక్క నుండి కొట్టి ముక్కును ఎడమకు తిప్పుతుంది. ఇటువంటి కారణాలు మరికొన్ని కూడా కలుస్తాయి. కుడి కాలితో పెడలును నొక్కి, పడవకు చుక్కాని పట్టినట్లు తోకలోని చుక్కానితో దానిని సరిదిద్దాలి. న్యూటను మూడవ సూత్రాన్ని పరీక్ష కోసం వల్లించిన విద్యార్థికి ఇక్కడ అది కాలి కిందికి వస్తుంది. వేగం సుమారు 55 నాట్లు, అనగా గంటకు దాదాపు 100 కిలోమీటర్లు కాగానే మీటను మృదువుగా లాగితే ముక్కు లేస్తుంది, చక్రాలు నేలను విడుస్తాయి. 74 నాట్ల దగ్గర వేగాన్ని నిలుపుకొంటే తక్కువ సమయంలో ఎక్కువ ఎత్తు చేరవచ్చును.

మూడవ పాఠం మలుపు. ఇందులో త్రికోణమితి ఉన్నది. విమానం పక్కకు ఒరిగినప్పుడు రెక్క పుట్టించే బలంలో కొంత భాగమే భారాన్ని మోస్తుంది. మిగిలినది మలుపుకు వినియోగమవుతుంది. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు ఒరిగి తిరిగితే, 60 డిగ్రీల కొసైన్ విలువ అర గనుక, రెక్క రెండింతల భారం మోయవలసి వస్తుంది. ఆ స్థితిలో విమానం నిలువడానికి కావలసిన కనీస వేగం రెండు వర్గమూలం రెట్లు, అనగా సుమారు 1.41 రెట్లు పెరుగుతుంది. తిన్నగా పోతూ 50 నాట్ల దగ్గర పట్టు తప్పే రెక్క, ఆ మలుపులో 70 నాట్ల దగ్గరనే పట్టు తప్పుతుంది. ఈ లెక్క పదవ తరగతి విద్యార్థి వేయగలడు. కొసైన్ ఎందుకు చదవాలని అడిగే పిల్లలకు దీనికంటె మంచి జవాబు లేదు.

నాలుగవ పాఠం ఆ పట్టు తప్పడాన్ని గురించినదే. దీనిని స్టాల్ అంటారు. గాలిపటం ఎగరవేసిన ప్రతి పిల్లవానికి దీని బీజం తెలుసు. గాలికి ఎదురుగా పటం కొంత వాలి ఉంటే పైకి లేస్తుంది. మరీ నిటారుగా నిలిస్తే తల్లడిల్లి కూలుతుంది. రెక్క కూడా అంతే. గాలికి ఎదురుగా అది చేసే కోణం ఒక హద్దు దాటితే పైభాగాన అంటిపెట్టుకొని ప్రవహించే గాలి విడిపోతుంది, లేపే బలం పడిపోతుంది. ఇంజను ఆగిందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. విమానం పడిపోతున్నదని తోచినప్పుడు మానవ సహజమైన ప్రవృత్తి మీటను వెనుకకు లాగడం. చేయవలసినది దానికి విరుద్ధం. మీటను ముందుకు వదలి, ముక్కు దించి, రెక్కకు గాలిని మళ్లీ అందించాలి. భయానికి లోబడక భయానికి విరుద్ధంగా చేయి కదలాలంటే అభ్యాసం తప్ప మార్గం లేదు. సిమ్యులేటర్ యొక్క నిజమైన ఉపకారం ఇక్కడ కనబడుతుంది. ఒకే సాయంత్రం ఇరవైసార్లు పట్టు తప్పించి ఇరవైసార్లు తేరుకోవచ్చును. ఇంధనం ఖర్చు కాదు, ఎవరికీ గాయం కాదు.

ఇంజను నిలిచిపోవడాన్ని కూడా ఇట్లే అభ్యసించవచ్చును. పిస్టన్ విమానం ఇంజను ఆగగానే రాయి వలె పడిపోదు. సెస్నా 172ను సుమారు 68 నాట్ల దగ్గర నిలిపితే ప్రతి వేయి అడుగుల ఎత్తుకు దాదాపు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుతూ పోతుంది. మూడువేల అడుగుల నుండి ఎనిమిది కిలోమీటర్లు పోగలదు. గాలి లేనప్పటి లెక్క ఇది. ఆ కొద్ది నిమిషాలలో అనువైన పొలమో మైదానమో ఎంచుకొని, ఇంజను మళ్లీ మొదలవుతుందేమో చూచి, రేడియోలో తెలియజేసి, దిగడానికి సిద్ధపడాలి. ఏది ముందు, ఏది తరువాత అన్న క్రమం అక్కడికక్కడ ఆలోచించి నిర్ణయించేది కాదు. అది ముందే చేతులకు అలవడి ఉండాలి.

చివరిది దిగడం. దూరం నుండి రన్‌వే వైపు దిగుతున్నప్పుడు అద్దంలో కనబడే చుక్కలలో పైకి జరిగేవి, కిందికి జరిగేవి ఉంటాయి. కదలకుండా నిలిచి, పెద్దదవుతున్న చుక్క ఏదో విమానం చేరబోయే చోటు అదే. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఎత్తుగా వస్తున్నామా, తగ్గి వస్తున్నామా అన్నది తెలిసిపోతుంది. అనువుగా లేదనిపిస్తే మొండిగా దిగబోక, ఇంజనుకు పూర్తి బలమిచ్చి పైకి లేచి, చుట్టు తిరిగి మళ్లీ రావాలి. దీనిని ఓటమిగా ఏ మంచి గురువూ పరిగణించడు. ఇంత వేగాన్ని, ఇంత దూరాన్ని ఇచ్చిపుచ్చుకొని చివరకు వ్యర్థమైనదని బాధపడి, ఆ బాధతోనే నేలకు దిగబోయినవారి సంగతులు ప్రమాద నివేదికలలో పదే పదే కనబడుతుంటాయి.

ఇంతవరకు గుణాలు. ఇక యంత్రం నేర్పలేనివి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఇంటిలోని కుర్చీ కదలదు. మలుపులో శరీరం బరువెక్కడం, గాలిలో విమానం అదరడం, కడుపులో తిప్పడం అక్కడ లేవు. తెర చిన్నది గనుక కంటి కొసలతో చూచే దృశ్యం లోపిస్తుంది. దిగే సమయాన నేల ఎంత దూరంలో ఉన్నదో కొసచూపే ఎక్కువగా చెబుతుంది. అందుకే తెరపై మృదువుగా దిగడం కష్టమనిపిస్తుంది. మరొక దోషం అలవాట్లలో ఉన్నది. తెర ముందు నేర్చినవారు పరికరాల వైపే కళ్లప్పగించి ఉంటారు. నిజమైన విమానంలో, పగటివేళ, తేటగా ఉన్న ఆకాశంలో, కిటికీ బయట దిగంతాన్ని, ఎదురయ్యే ఇతర విమానాలను చూడాలి. పరికరాల మీద అప్పుడప్పుడు చూపు సారించితే చాలును. అటువంటి శిష్యుల ముందు గురువులు పరికరాలను కాగితంతో కప్పివేయడమూ ఉన్నది. లింక్ బయటి లోకాన్ని మూతతో కప్పాడు, ఈ గురువులు లోపలి పరికరాలను కప్పుతున్నారు. ఏ ఇంద్రియాన్ని ఎప్పుడు నమ్మాలో తెలియజేయడమే ఇద్దరి ఉద్దేశం.

అన్నిటికంటె పెద్ద లోపం భయం లేకపోవడం. ఒక మీట నొక్కితే కాలం ఆగిపోతుంది. మరొక మీట నొక్కితే కూలిన విమానం మళ్లీ రన్‌వే మీద నిలుస్తుంది. తప్పుకు వెల లేని చోట తప్పును లెక్కచేయని బుద్ధి అలవడవచ్చును. అందువలన తెలిసినవారు చెప్పే నియమం ఒకటి ఉన్నది. కూలిన వెంటనే మళ్లీ మొదలుపెట్టరాదు. కాగితం తీసుకొని, ఎత్తు ఎంత, వేగం ఎంత, ఏ నిర్ణయం ఎప్పుడు తప్పినది అని వ్రాసుకొనాలి. పీత గీసిన సిరా గీతకు బదులు ఈ కాగితం. అది లేకపోతే సిమ్యులేటర్ తిరునాళ్లలోని వినోద యంత్రంగానే మిగిలిపోతుంది.

ఇంటి కంప్యూటరు ముందు గడిపిన గంటలు లైసెన్సు లెక్కలోకి రావన్నది కూడా తెలియాలి. మన దేశంలో ప్రైవేట్ పైలట్ లైసెన్సుకు పదిహేడేళ్లు నిండి ఉండాలి, వైద్య పరీక్షలో నెగ్గాలి, కనీసం నలభై గంటలు నిజమైన ఆకాశంలో గడపాలి. అయితే ఆకాశంలో ఒక్కొక్క గంటకు వేల రూపాయలు వ్యయమవుతుంది. నేల మీద సిద్ధపడి వెళ్లినవానికి ఆ గంట పూర్తిగా ఉపయోగపడుతుంది. సిద్ధపడనివానికి అందులో సగం, ఏ పరికరం ఎక్కడున్నదో వెదకుకొనడంలోనే గడిచిపోతుంది. ధనవంతుల బిడ్డలకు మాత్రమే తెరచియుండిన తలుపును ఈ యంత్రం కొంతవరకైనా సామాన్యులకు తెరచినదనడంలో సందేహం లేదు.

ఇప్పుడు మన పాఠశాలకు సంబంధించిన ప్రశ్న. ఆకాశంలో మాట్లాడే భాష ఆంగ్లం. అంతర్జాతీయంగా ప్రయాణించే పైలట్లు, వారితో మాట్లాడే నియంత్రణాధికారులు ఆంగ్లంలో నిర్ణీత స్థాయి సామర్థ్యం చూపాలన్న నియమం 2008 మార్చి నుండి అమలులోకి వచ్చింది. అట్లయితే తెలుగులో చదివిన బిడ్డ ఈ విద్యకు దూరమా? ఇంటిలో తెలుగు, వీధిలో మరొక రాష్ట్ర భాష, ఉద్యోగానికి ఆంగ్లం అన్న పరిస్థితిలో పిల్లలను ఈ బడికి పంపే ప్రతి తల్లి మనస్సులోను ఉన్న ప్రశ్న ఇది. దీనిని కప్పిపుచ్చడం తగదు.

విమానం నడపడంలో భాషతో రెండు పనులున్నవి. ఒకటి మాట్లాడడం, రెండవది అర్థం చేసుకొనడం. రేడియోలో మాట్లాడే పదాలు పరిమితమైనవి, నిర్ణీతమైనవి. రైల్వే ఉద్యోగి జెండా సంకేతాలు నేర్చినట్లు వాటిని శ్రద్ధగా నేర్చుకొనవచ్చును. మిగిలిన ఆంగ్లం కూడా కష్టపడి నేర్వవలసినదే. దానిని చక్కగా బోధించడం తెలుగు మాధ్యమ పాఠశాల బాధ్యతలలో ఒకటి. కాని రెక్క ఎందుకు పట్టు తప్పుతుందో, చెవి ఎందుకు మోసగిస్తుందో, మలుపులో భారం ఎందుకు రెట్టింపవుతుందో అర్థం కావడం వేరు. అది గాలిపటం, చుక్కాని, తిత్తి, ఒప్పులకుప్ప అన్న మాటలు తెలిసిన బుద్ధికి తన భాషలో సులువుగా అందుతుంది. ఒకసారి అందినది ఆంగ్లంలో చెప్పడానికి కొత్త పేర్లు చాలును. అర్థం కాని విషయానికి ఆంగ్లపు పేరు తగిలించినంత మాత్రాన అది ప్రమాద వేళ చేతికి రాదు. ఈ ప్రసంగంలో వచ్చిన ప్రతి భావమూ తెలుగులోనే చెప్పబడిందని విద్యార్థులు గమనించాలి.

ఈ విద్యకు తెలుగువారు నివసించే నేల కూడా కొత్తది కాదు. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా ఒక చిన్న పిస్టన్ విమానంలో, పుస్ మాత్ అనే ఒంటి ఇంజను యంత్రంలో, కరాచీ నుండి అహ్మదాబాదు మీదుగా బొంబాయికి తపాలా తెచ్చారు. అక్కడి నుండి నెవిల్ విన్సెంట్ దానిని మద్రాసుకు చేర్చాడు. నడుమ ఆగిన ఊరు బళ్లారి. తెలుగు, కన్నడం తరతరాలుగా పక్కపక్కన నివసిస్తున్న ఆ బళ్లారి, మన దేశపు తొలి విమాన తపాలా మార్గాలలో ఒక మజిలీ అయింది. ఆ విమానంలో రేడియో లేదు. నేలపై దారి చూపే దీపాలూ లేవు. నాలుగేళ్లకు, 1936లో, సరళా థుక్రాల్ అనే యువతి ఇరవై ఒక్క ఏళ్ల వయసులో జిప్సీ మాత్ విమానాన్ని నడిపి, లైసెన్సు పొందిన తొలి భారతీయ మహిళలలో ఒకరిగా నిలిచారు. ఆమె చీర కట్టుకొనే విమానమెక్కారు. మన పాఠశాల ఆడపిల్లలు ఈ మాటను ప్రత్యేకంగా గుర్తుంచుకొనాలి.

చివరగా ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు ఒక మనవి. పాఠశాల చేసే పనికి, సిమ్యులేటర్ చేసే పనికి పోలిక ఉన్నది. జీవితంలో కొన్ని తప్పులు ఒక్కసారి చేసినా కోలుకొనలేనివి ఉంటాయి. అటువంటి వాటిని ముందుగా, ప్రాణహాని లేని చోట, గురువు కనుసన్నలలో చేయనిచ్చి దిద్దడానికే తరగతి గది ఏర్పడింది. నల్లబల్ల మీద లెక్క తప్పిన పిల్లవానిని చూచి తరగతి నవ్వితే, వాడు మరునాటి నుండి నల్లబల్ల దగ్గరకు రాడు. తప్పు మాత్రం వాని లోపల పదిలంగా ఉండిపోతుంది. తప్పును దాచుకొనే అలవాటు ఎంత ప్రమాదమో, తప్పును లెక్కచేయని అలవాటు అంతే ప్రమాదం. తప్పును బయటపెట్టి, వ్రాసుకొని, మళ్లీ ప్రయత్నించే ధైర్యాన్ని పిల్లలకు ఇవ్వగలిగితే డెబ్బది అయిదేళ్ల ఈ సంస్థ తన పని తాను చేసినట్లే.

విద్యార్థులారా! మీలో అందరూ పైలట్లు కానక్కరలేదు. కాని కంప్యూటరు దొరికినప్పుడు ఆ చిన్న విమానాన్ని ఒక్కసారి శ్రద్ధగా నడిపి చూడండి. జాబితా చదివి మొదలుపెట్టండి. కూలితే కారణం వ్రాసుకొనండి. ఆ కారణాన్ని మీ గణిత ఉపాధ్యాయుని, భౌతికశాస్త్ర ఉపాధ్యాయుని అడగండి. వారికి అంతకంటె సంతోషకరమైన ప్రశ్న ఉండదు.

 పాఠశాల శతవార్షికోత్సవం నాటికి ఈ పిల్లలలో కొందరైనా వేదిక మీది పెద్దలై ఇక్కడ కూర్చొందురు గాక.

శుభం.